మ్యూజియం గారి చదివింపులు

ఆ ఆదివారం పొద్దున రామచందర్ పెట్టుకున్న పనులు మూడే. భార్యను బతిమాలి ఆమె అమ్మమ్మ నాటి రోకలి పుచ్చుకోవడం, మ్యూజియం ముందు మైకు సెట్టు కట్టించడం, మధ్యాహ్నం పాసింజరులో హైదరాబాదు నుంచి దిగే వనమాల గారి మెడలో ఒక బంతిపూల దండ వేయడం. మూడింటిలో ఏదీ మనిషిని ముంచే పని కాదు. అయినా రైలు వచ్చే వేళకు ఊరు ఊరంతా అతనికి రెండో పెండ్లి చేయడానికి నడుం కట్టింది.

ముందు మ్యూజియం సంగతి చెప్పాలి. మహబూబాబాదును ఆ చుట్టుపక్కల మానుకోట అంటారు. మానుకోట స్టేషను రోడ్డులో రెండు గదుల పెంకుటిల్లే ఆ మ్యూజియం. ముందు గదిలో పొలం దున్నుతుంటే బయటపడ్డ వీరగల్లు, దాని మీద మీసం మెలేసిన వీరుడు. పక్కన అద్దాల పెట్టెలో నిజాం కాలపు నాణేలు, ఒక పాత రైల్వే లాంతరు. వెనక గదిలో బల్ల, కుర్చీ, ఆ కుర్చీలో రామచందర్. ఆ వస్తువులన్నీ అతను సైకిలు మీద ఊరూరా తిరిగి, కనిపించినవాళ్ల కాళ్లావేళ్లా పడి తెచ్చినవే. వీరగల్లును డోర్నకల్ అవతలి పల్లె నుంచి ఎడ్లబండిలో తెచ్చిన నాడు నడుం పట్టేసి మంచం ఎక్కాడు. మంచం మీద కూడా "రాయి ఎట్లుంది?" అని అడిగాడే తప్ప తన నడుం ఎట్లుందో అడగలేదు. భార్య యశోద ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

చిక్కల్లా జనంతోనే. మ్యూజియంలోకి వచ్చేవాళ్లలో సగం మంది ఎండకు తాళలేక వచ్చేవాళ్లు, మిగతా సగం కూజాలో నీళ్ల కోసం వచ్చేవాళ్లు. ఈ సంగతి ఎలా చేరిందో హైదరాబాదుకు చేరింది. జనం రాని చోట రెండు గదులు దండగ, విత్తనాల బస్తాలకు ఇచ్చేస్తే సరిపోతుందని అక్కడ అనుకున్నారు. చివరి మాట తేల్చడానికి వనమాల గారిని పంపుతున్నారు. ఆమె పెద్ద చరిత్రకారిణి, అంతకన్నా పెద్ద అధికారిణి. ఒక ఉపన్యాసం ఇస్తారు, వినడానికి ఎవరొచ్చారో చూస్తారు, తలుపు తెరిచి ఉంచాలో తాళం వేయాలో అక్కడికక్కడే చెప్పి వెళతారు. తాళం పడితే వీరగల్లు గోనెపట్టాలో చుట్టుకుని హైదరాబాదు నేలమాళిగకు పోతుంది. రామచందర్ అదే గదిలో వేరుశనగ విత్తనాలకు కాపలా కూర్చుంటాడు. తలుచుకుంటేనే అతనికి అన్నం సయించడం లేదు.

అందుకే "మన ఇండ్లలోని పాత సామాను" అని ప్రదర్శన పెట్టాడు. ఎవరింట్లో పాత వస్తువు ఉంటే వాళ్లు తెచ్చి పెట్టాలి, ప్రదర్శన అయ్యాక ఎవరిది వాళ్లు తీసుకుపోవాలి. జనం తమ వస్తువును చూసుకోవడానికైనా వస్తారని ఆశ. ఆలోచన బాగానే ఉంది కానీ, ఇల్లిల్లూ తిరిగినా ఒక్క చెంబు కదలలేదు. "ఇంట్ల సామాను ఊకెనే గడప దాటిస్తరా సారూ? ఇంటి లచ్చిమి పోదా?" అని అందరిదీ ఒకటే పాట.

కనీసం సొంత ఇంట్లోనన్నా బోణీ అవుతుందేమోనని ఆ పొద్దున యశోద దగ్గర చేరాడు.

"జర ఆ రోకలి ఇయ్యరాదు. రెండు దినాలల్ల తెచ్చిస్త."

"మా అమ్మమ్మ రోకలా? కురవిల మా ఇంటి ఆడిపిల్లల పెండ్లిండ్లకు పసుపు దంచిన రోకలి అది. అది గడప దాటది."

"మ్యూజియం మూతపడుతది యశోదా!"

"పడనీ. ఆదివారమన్న ఇంట్ల ఉంటవు."

మొదటి పని అలా ముగిసింది. రెండో పని మాత్రం సులువుగా జరిగిపోయింది, అదే కొంప ముంచింది. అప్పుడు మూఢం నడుస్తున్నది. శుభకార్యాలు లేవు, ముహూర్తాలు లేవు. మైకు ఐలయ్య, సన్నాయి మేళం వాళ్లు, వంటవాళ్లు అందరూ పనిలేక అరుగుల మీద కూర్చుని ఆకాశం చూస్తున్నారు. పిలిచీ పిలవగానే ఐలయ్య రిక్షాలో యాంప్లిఫయరు, రెండు హారన్లు వేసుకుని వచ్చాడు. ఒక హారన్ బజారు వైపు, సొట్టపడ్డ ఇంకో హారన్ స్టేషను వైపు తిప్పి కట్టాడు.

"ఎవలు ఏం తెచ్చినా పేరు చెప్పు, వస్తువు చెప్పు ఐలయ్యా. విని మిగిలినోళ్లు గూడ తెస్తరు," అన్నాడు రామచందర్.

"ఎట్ల చెప్పాలె సారు?"

"నీకు నేను నేర్పాల్నా? నువ్వు ఎప్పుడెట్ల చెప్తవో గట్లనే చెప్పు."

ఐలయ్య ఇరవై ఏండ్లుగా మైకులో చెబుతున్నవి చదివింపులు. పెండ్లిలో తాళి కట్టడం అయ్యాక చుట్టాలు, ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి బిందో గిన్నో పెడతారు. ఎవరు ఏం పెట్టారో మైకులో చదువుతారు. అది ఊరంతా వింటుంది, ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. తీసుకున్న ఇల్లు ఇచ్చిన ఇంటి పెండ్లికి తప్పకుండా పోవాలి, అంతకు పిసరు ఎక్కువే పెట్టాలి. పెట్టకపోతే ఆ ఇంటి మగవాళ్లు బజారులో తలెత్తుకుని నడవలేరు. ఈ సంగతి రామచందర్‌కు తెలియనిదేమీ కాదు. కానీ ఆ పొద్దున అతని బుర్రలో వీరగల్లు తప్ప ఇంకేదీ లేదు. బల్లలు తుడిచి, ఐలయ్యను కూర్చోబెట్టి, కుర్చీల కోసం హైస్కూలుకు, దండ కోసం పూలకొట్టుకు బయలుదేరాడు.

అతను మలుపు తిరిగాడో లేదో లచ్చవ్వ వచ్చింది. కూరగాయల గంప దించి రోజూ మ్యూజియం కూజాలో నీళ్లు తాగే ముసలామె. తాగిన నీళ్లకు మొహమాటపడి, గింజలు కొలిచే పాత ఇత్తడి సోల ఒకటి కొంగులో పెట్టుకుని తెచ్చింది. ఐలయ్య సన్నాయి రికార్డు వేశాడు, గొంతు సవరించుకున్నాడు.

"కూరగాయల లచ్చవ్వ గారి చదివింపులూ... ఇత్తడి సోల ఒకటీ...!"

బజారులో స్టీలు సామాన్ల దుకాణం వెంకటనర్సయ్య సేటుది. గల్లా దగ్గర కునికిపాట్లు పడుతున్న సేటు ఉలిక్కిపడి లేచాడు. ఎవరివో చదివింపులు. ఎక్కడ? మ్యూజియం సారు దగ్గర. ఆ సారు తన పెద్దబిడ్డ పెండ్లికి వచ్చి టిఫిన్ డబ్బా పెట్టి, కడుపునిండా తిని, పిల్లను దీవించి పోయాడు. ఇప్పుడు లచ్చవ్వ సోల పెట్టింది, సేటు ఇంకా దుకాణంలోనే కూర్చున్నాడు! సేటుకు చెమటలు పట్టాయి. పైనున్న పెద్ద బిందె దింపాడు, దుకాణం ముందు గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషి చేత టకటకా తన పేరు కొట్టించాడు, కండువా వేసుకుని నడిచాడు.

"స్టీలు దుకాణం వెంకటనర్సయ్య సేటు గారి చదివింపులూ... పెద్ద స్టీలు బిందె ఒకటీ...!"

ఆ కేకతో బజారు కదిలింది. బట్టల దుకాణం వాళ్లు సేటు కన్నా తక్కువ తిన్నవాళ్లు కాదు, గంగాళం తెచ్చారు. బియ్యం వ్యాపారి గంగాళంతో పాటు అందులో మూతల గిన్నెల జత కూడా పెట్టి తెచ్చాడు. ఎరువుల దుకాణం వాళ్లకు ఆలస్యంగా తెలిసింది, ఆ సిగ్గుతో రెండు బిందెలు తెచ్చారు. అన్నీ సేటు దుకాణంలో కొన్నవే, అన్నింటి మీదా కొట్టిన పేర్లే. పేర్లు కొట్టే మనిషి ఇంత దూరం నడవలేక సుత్తీ ఉలీ తీసుకుని మ్యూజియం గడప మీదికే మకాం మార్చాడు.

హైస్కూలు నుంచి బండిలో కుర్చీలు వేయించుకుని వస్తున్న రామచందర్‌కు మైకులో పేర్ల మీద పేర్లు వినబడ్డాయి. సంతోషంతో గుండె నిండిపోయింది. బజారు పెద్దలంతా వస్తువులు తెచ్చారు! ఎన్ని తరాల నాటివో ఏమో! బండివాడిని తొందరపెట్టాడు, ఒకచోట తానే బండికి భుజం పెట్టాడు. మ్యూజియం దగ్గరికి వచ్చేసరికి కళ్లు చెదిరాయి. బల్లల నిండా, నేల నిండా, వీరగల్లు కాళ్ల దాకా తళతళలాడే కొత్త స్టీలు. దాని మధ్య వీరుడు మీసం మెలేసి నిలబడ్డాడు.

"సేటూ, ఏంది గివన్ని? అన్ని కొత్తయే కద!"

"మరి మీకు పాతయి పెడుతనా సారూ?" అన్నాడు సేటు నొచ్చుకుని. "నా బిడ్డ పెండ్లిల మీరు టిఫిన్ డబ్బ పెట్టిన్రు. గది నేను మరిచిపోతనా?"

"అయ్యో, గిది పెండ్లి కాదు సేటూ! ప్రదర్శన!"

సేటు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు తెల్వదా సారూ. మూఢంల పెండ్లి అని ఎవలన్న బయట చెప్పుకుంటరా? మీరు ప్రదర్శన అంటే మేం గూడ ప్రదర్శన అనే అంటం."

"ఎవరి పెండ్లి సేటూ? మా ఇంట్ల పెండ్లికి ఎవలున్నరు?"

"గదే కద మేం గూడ అనుకున్నం. మీ పిల్లలిద్దరు మూడో తరగతి దాటలే. మధ్యాహ్నం రైలుకు హైదరాబాదు నుంచి ఒకామె వస్తున్నదట. బంతిపూల దండ మీరే చెప్పొచ్చిన్రట." సేటు అతని భుజం తట్టాడు. "మగోని కష్టం మగోనికి తెలుస్తది. పరేషాన్ గాకున్రి."

రామచందర్ ఐలయ్య మీదికి పరుగెత్తాడు. చదవడం ఆపమన్నాడు. చదివింపులు నడుమ ఆపితే అరిష్టమని, లైనులో ఇంకా మనుషులున్నారని ఐలయ్య ఒప్పుకోలేదు. అయితే ఇది పెండ్లి కాదని అన్నా చెప్పమన్నాడు రామచందర్. దానికి ఐలయ్యకు అభ్యంతరం కనిపించలేదు.

"సారు చెప్పుమంటున్నరూ... గిది పెండ్లి కాదూ... పెండ్లి కానే కాదూ...! అందరు గమనించాలె! ఎరువుల దుకాణం వారి రెండో చదివింపూ...!"

దాంతో అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా నమ్మారు. ఏ తప్పూ లేనివాడు మైకు పెట్టి అంత గట్టిగా చెప్పించుకోడని స్టేషను దగ్గర రిక్షావాళ్లు తేల్చారు. కురవి పోయే బస్సు కండక్టరు ఆ మాట టిక్కెట్లతో పాటు అందరికీ పంచాడు. కురవి యశోద పుట్టిల్లు.

ఇంకో ముసలం వెనక పెరట్లో పుట్టింది. చదివింపులు పెట్టినవాళ్లు ఇంటికి పోలేదు, నీడ చూసుకుని కూర్చున్నారు. పెట్టినవాళ్లు తినకుండా ఎలా పోతారు? తినకుండా పోతే పెట్టించుకున్నవాడికి అవమానం. పొయ్యి కనిపించకపోవడంతో సేటుకు రామచందర్ మీద జాలి వేసింది. సర్కారు జీతగాడు, పైగా చాటుపెండ్లి, ఏం చేసుకుంటాడు పాపం? "సారు ఇజ్జత్ మన ఇజ్జత్," అని తన ఖర్చుతో వంటవాళ్లను పిలిపించాడు. వాళ్లకూ మూఢంలో పనిలేదు, నిమిషాల్లో కట్టెలు రాజేశారు. వంకాయ కూర వాసన స్టేషను రోడ్డు మీదికి రావడంతో, చదివింపుల గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఏదో ఒక గిన్నె పట్టుకుని లోపలికి వచ్చారు.

రైలు వేళయింది. ఇక్కడ ఉండి ఆపాలా, అక్కడికి పోయి ఆమెను దించుకోవాలా తేల్చుకోలేక రామచందర్ దండ పట్టుకుని స్టేషనుకు ఉరికాడు. దించుకోకపోతే ఆమె డోర్నకల్ పోయి తేలుతుంది. పోతే పోనీ, అదే మేలని ఒక్క క్షణం అనిపించింది కూడా. ప్లాట్‌ఫారం మీద సన్నాయి మేళం అతనికన్నా ముందే సిద్ధంగా ఉంది. సేటు పంపాడట.

వనమాల గారు దిగారు. యాభై ఐదేండ్ల మనిషి. నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసుకుని, లావుపాటి కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో నల్ల గొడుగుతో చుట్టూ చూశారు. డోలు దరువు మొదలైంది. మేళం వెంబడి వచ్చిన ఆడవాళ్లు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు.

"గీమెనా?"

"పెద్ద నౌకరి అటనే."

"పోనీలె పాపం. సారును కొడుకు తీరు చూసుకుంటది."

డోలు చప్పుడులో ఆ మాటలు వనమాల గారికి చేరలేదు, రామచందర్‌కు మాత్రం ఒక్కొక్కటీ చేరింది. "ఉపన్యాసానికి మేళం పెట్టే ఊరును ఇంతవరకు చూడలేదు రామచందర్ గారూ," అన్నారామె ఆశ్చర్యంగా. "మా ఊరి మర్యాద మేడం," అని అతను గొణిగాడు. దండ వేయడానికి మాత్రం చేతులు రాలేదు, ఆమె చేతికే ఇచ్చాడు.

మ్యూజియం ముందు జనాన్ని చూసి వనమాల గారు మొదట సంతోషించారు. లోపలికి పోయాక కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఒక బిందె వంచి చూశారు.

"ఇవి ఏ కాలం నాటివి?"

అబద్ధం ఆడదామన్నా ఆడటానికి వీలులేకుండా గడప మీద టకటకా పేర్లు కొడుతున్నారు. "ఇయ్యాల్టివి మేడం," అన్నాడు రామచందర్.

ఆమె ఇంకేదో అడగబోతుండగా బయట కలకలం లేచింది. యశోద వస్తున్నది. కొప్పు బిగించి, కొంగు నడుముకు దోపి, చేతిలో అమ్మమ్మ రోకలి పట్టుకుని స్టేషను రోడ్డు మధ్యలో నడిచి వస్తున్నది. రోకలి చూసి ఆడవాళ్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సవతి పెండ్లికి పసుపు దంచడానికి తానే రోకలి పట్టుకొచ్చింది, ఎంత పెద్ద మనసు! వాళ్లు జరిగి దారి ఇచ్చారు. ఆ రోకలి పసుపు కోసం రాలేదని ఒక్క రామచందర్‌కే తెలుసు. ఉదయం ఎంత అడిగినా గడప దాటని రోకలి ఇప్పుడు దాటింది. అతను వీరగల్లు వెనక్కి జరిగాడు.

సరిగ్గా అప్పుడే కురవి బస్సు ఆగింది. మామ సోమనర్సయ్య తలపాగా చేతిలో పట్టుకుని, అన్నదమ్ములను వెంటేసుకుని దిగాడు.

"అల్లుడా! ఏం తక్కువ చేసినమయ్యా నీకు? మూఢం అని గూడ చూడకుంట గింత తొందరేంది?" అని అరుస్తూ లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చున్న వనమాల గారిని చూసి ఆగిపోయాడు. పెద్దావిడ. పెండ్లిపిల్ల తల్లి అయి ఉంటుంది. వయసుకు గౌరవం ఇచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరన్న జర ఆలోచన చెయ్యొద్దా? పెండ్లాం పిల్లలున్నోనికి బిడ్డను ఎట్ల ఇస్తున్నరు?"

"నాకు కూతుళ్లు లేరండీ. ఇద్దరూ కొడుకులే," అన్నారామె.

"మరి పెండ్లిపిల్ల ఎవలు?"

గది నిండా ఉన్న కళ్లన్నీ ఒకేసారి వనమాల గారి వైపు, ఆమె చేతిలోని బంతిపూల దండ వైపు తిరిగాయి. ఆమె ఆ దండను చూసుకున్నారు. తర్వాత రామచందర్‌ను చూశారు.

"నేను ఈ ఊరికి ఎందుకొస్తున్నానో వీళ్లకు మీరేం చెప్పారు?"

రామచందర్ ఐలయ్య చేతిలో మైకు గుంజుకున్నాడు. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. "నాకు పెండ్లి ఒక్కటే. గది యశోదతోని ఎప్పుడో అయింది. ఇంకోటి చేసుకునేంత ధైర్యం గూడ నాకు లేదు," అన్నాడు. పాత సామాను సంగతి, విత్తనాల బస్తాల సంగతి, వీరగల్లు సంగతి అంతా చెప్పాడు. "తప్పు నాదే. మీరు తెచ్చినయన్ని మీరే తీసుకపోన్రి," అని చేతులు జోడించాడు. యశోద చేతిలో రోకలి మెల్లగా కిందికి దిగింది.

అంతా సర్దుకుందనుకున్నాడు. ఆ చివరి మాటతో అసలు గొడవ మొదలైంది.

"పెట్టిన చదివింపు తీసుకపోవాల్నా?" సేటు మొహం ఎర్రబడింది. "గింత అవమానమా? అయితే నీ టిఫిన్ డబ్బ గూడ నాకొద్దు! ఇప్పుడే తెప్పిస్త!"

గంగాళం వాళ్లు లేచారు, బియ్యం వ్యాపారి లేచాడు. ముఖం మీద కొట్టినట్టు తిరిగి ఇస్తావా అని అందరూ ఒక్కసారే అరిచారు. వనమాల గారు గొడుగు తీసుకుని లేచారు.

"రామచందర్ గారూ, మీ కష్టం నాకు అర్థమైంది. కానీ ఇక్కడ పాత వస్తువంటూ ఆ ముసలామె సోల ఒక్కటే ఉంది. వీళ్లు వచ్చింది మ్యూజియం కోసం కాదు. ఈ గదులకు తాళం వేయాల్సిందే."

ఆమె ఆ మాట మెల్లగానే అన్నారు. కానీ ఎవరు నోరు తెరిచినా వాళ్ల ముందు మైకు పెట్టడం ఐలయ్యకు ఇరవై ఏండ్ల అలవాటు. తాళం మాట బజారు దాకా, స్టేషను దాకా మోగింది. జనం అరుపులు ఆపి ఆమె వైపు తిరిగారు.

"తాళమా?" అన్నాడు సేటు. టిఫిన్ డబ్బా కోపం ఎటు పోయిందో పోయింది. "తాళం ఎట్ల ఏస్తరు మేడం? రేపు మూఢం పోంగనే నా చిన్నబిడ్డ పెండ్లున్నది. నా చదివింపు తీసుకున్న ఇల్లు నా ఇంటికి రావొద్దా?"

"చదివింపు తీసుకున్నది రామచందర్ గారు కదా?"

"ఆయనది కాదంటున్నడు కద! మరి ఎవలది? ఈ ఇంటిది! మ్యూజియందే! ఊరందరి సామాను తీసుకున్న ఇల్లు రాత్రికి రాత్రి మూటగట్టుకొని హైదరాబాదు పోతదా?"

"గదెట్ల పోతది?" అని గంగాళం వాళ్లు అందుకున్నారు. "మా తమ్ముని పెండ్లున్నది!" "మాకు సీమంతం ఉన్నది!" బస్సులో వచ్చిన కురవి వాళ్లు కూడా, తాము ఏమీ పెట్టకపోయినా, న్యాయం న్యాయమేనని గట్టిగా అరిచారు. ఎవరో పోయి వాకిట్లో అడ్డంగా కూర్చున్నారు. ఆయన వెనక బజారంతా కూర్చుంది. ఆ గదుల్లో విత్తనాల బస్తా దిగాలంటే ముందు వాళ్ల మీద దిగాలి.

వనమాల గారు నిలబడ్డ చోటనే నిలబడిపోయారు. ఆమె ఉద్యోగంలో చాలా మ్యూజియాలకు తాళం వేసి వచ్చారు. ఎక్కడా ఒక్కరు వచ్చి ఎందుకు అని అడగలేదు. ఆమె మెల్లగా కుర్చీలో కూర్చుని, గొడుగు ఒళ్లో పెట్టుకున్నారు.

అప్పుడు యశోద ముందుకు వచ్చింది. మొగుడి వైపు ఒకసారి చూసింది. జుట్టు రేగిపోయి, చెమటతో తడిసి, రాతి వీరుడి పక్కన నిలబడ్డ ఆ మనిషిని చూస్తే కోపం నిలవలేదు, నవ్వు వచ్చింది. రోకలిని వీరగల్లుకు ఆనించి పెట్టింది.

"నాది గూడ చదువు ఐలయ్యన్నా. మొగనికి కాదు, మ్యూజియానికి."

"కురవి ఆడిబిడ్డ యశోదమ్మ గారి చదివింపులూ... పెండ్లిండ్ల పసుపు దంచిన రోకలి ఒకటీ...!"

రామచందర్ ముఖం అవతలికి తిప్పుకున్నాడు. ఇంతసేపు రాని కన్నీళ్లు ఇప్పుడు వచ్చాయి, తుడుచుకోలేదు కూడా. ఆడవాళ్లు రోకలి చుట్టూ చేరారు. వనమాల గారు దాని కొసకు తొడిగిన ఇనుప పొన్ను పట్టి చూస్తూ ఎవరు చేయించారు, ఎవరెవరి పెండ్లికి దంచిందని అడిగారు. యశోద ఒక పేరు చెబితే సోమనర్సయ్య రెండు పేర్లు చెప్పాడు. అది చూసి ఒకామెకు తన అటక మీది తాళపత్రాల పెట్టె గుర్తొచ్చింది, ఇంకొకామెకు అత్తగారి కాళ్ల కడియాలు. ఊరికే ఇమ్మంటే గడప దాటని వస్తువులు చదివింపు అనేసరికి కొంగుల చాటున ఒక్కొక్కటే బయలుదేరాయి. ఇచ్చిపుచ్చుకునే ఇంటికి పోతే లక్ష్మి ఎక్కడికీ పోదు, ఆ ఇంటి నుంచి తిరిగి వస్తుంది కదా. ఐలయ్య మాత్రం ఏమీ పెట్టలేకపోయానని తల గోక్కుంటున్నాడు.

"ఆ హారన్‌కు అంత సొట్ట ఏమిటి?" అని వనమాల గారు అడిగారు.

"అరవై తొమ్మిదిల పడ్డది మేడం. జై తెలంగాణ మీటింగు నడుస్తుంటే జనం ఉరుకుడుల కింద పడ్డది. గప్పటి సంది గట్లనే మోగుతది."

"అది ఇక్కడ ఉంచుతారా?"

ఐలయ్య తల పైకెత్తి ఆ హారన్‌ను చూశాడు. తర్వాత మైకు నోటి దగ్గర పెట్టుకుని, జీవితంలో మొదటిసారి తన పేరు తానే చదువుకున్నాడు.

వనమాల గారు రాసుకొచ్చిన ఉపన్యాసం సంచిలోనే ఉండిపోయింది. ఆమె లేచి, ఇచ్చిపుచ్చుకోవడం గురించి, ఒక గిన్నె ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతూ ఊరిని ఎలా కట్టి ఉంచుతుందో దాని గురించి మాట్లాడారు. ఆమె మాట్లాడిన దానికన్నా జనం మాట్లాడింది ఎక్కువ. మొదటి బంతిలో ఆమెనే కూర్చోబెట్టారు. పక్కన కూర్చున్న సోమనర్సయ్య తాను పొరపాటు పడ్డ పాపానికి ఆమె విస్తరిలో లడ్డు మీద లడ్డు వేయించాడు. చేయి కడుక్కుంటూ ఆమె రామచందర్‌తో, బస్తాలకు ఇంకో చోటు చూడమని రాస్తానన్నారు. అతను వీరగల్లు దగ్గరికి పోయి, దాని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వచ్చాడు.

రైలుకు బయలుదేరుతుంటే ఐలయ్య మైకుతో అడ్డం వచ్చాడు. "మేడం, తిన్నంక మీరు గూడ ఏమన్న..." ఆమె నవ్వి, చేతిలో ఉన్నదే తీసి ఇచ్చారు. హైదరాబాదు వనమాలమ్మ గారి చదివింపులు, నల్ల గొడుగు ఒకటి. అప్పుడు ఆమెకు తన పెద్దకొడుకు పెండ్లి గుర్తొచ్చింది. ముహూర్తం ఖాయం కాగానే మ్యూజియానికి కార్డు పంపుతానన్నారు.

మూఢం పోయింది. మ్యూజియానికి కార్డులు రావడం మొదలైంది. "మ్యూజియం గారికి, సకుటుంబ సపరివారంగా" అని సేటు కార్డు అందరికన్నా ముందు వచ్చింది. రామచందర్, యశోద బిందెలు మోసుకుని ఊరూరా తిరిగారు. ప్రతి దాని మీదా పేరు కొట్టి ఉండడంతో ఎవరి బిందె వాళ్లకే తిరిగిపోకుండా చూసే బాధ్యత యశోదది. పాత వస్తువులు మాత్రం కదల్లేదు. వాటిని చూడడానికి ఇప్పుడు ఎండ లేనినాడు కూడా జనం వస్తున్నారు. కానీ మంచి ముహూర్తం ఉన్న రోజున వచ్చినవాళ్లకు మాత్రం తలుపుకు వేలాడే పలక కనిపిస్తుంది: "మ్యూజియం పెండ్లికి పోయినది. రేపు రాగలరు."